రోజుకో ఆటవెలది రాయాలంటే ఎక్కడ మొదలుపెట్టాలి? (పాత పుస్తకాలు, పెన్ను, ఛందస్సు)

పుటల చప్పుడు:

ఇంట్లో తాతగారి నాటి శతకాలు, కావ్యాలు చాలానే ఉన్నాయి. ఎక్కువ భాగం 1950–70 మధ్య అచ్చయినవి. రాత్రి భోజనాలయ్యాక కాసేపు వాటితో కూర్చోవడం అలవాటు. దానికి తోడుగా ఇప్పుడు రోజూ ఒక్క పద్యం సొంతంగా రాయాలని ఉంది. పోటీలకీ, ప్రచురణకీ కాదు, నోట్‌బుక్‌లోనే ఉంటాయి. బడిలో చెప్పిన గణాలు, యతి, ప్రాస పేర్లు తప్ప ఏమీ గుర్తులేవు.

ఏ ఛందస్సుతో మొదలుపెడితే మధ్యలో వదిలేయకుండా ఉంటాం? మామూలు వాడుక మాటలతో రాస్తే తప్పా? బాల్‌పెన్‌తో అయితే పేజీ నిండేలోపే వేళ్లు పట్టేస్తున్నాయి, దానికేం చేయాలి? ఇంకొకటి, రోజూ తెరవడంతో పుస్తకాల వెన్ను విడిపోతోంది, కాగితాలు ఊడొస్తున్నాయి. సెల్లోటేపు వేయొచ్చా?

యతిమైత్రి:

మొదటి ప్రశ్నకు ఆటవెలదే జవాబు. ప్రాస (అన్ని పాదాల్లో రెండో అక్షరం ఒకే హల్లు కావడం) నియమం లేదు, పాదాలు చిన్నవి. పైగా వేమన పద్యాల పుణ్యమా అని ఆ నడక తెలుగువాళ్లందరి చెవిలోనూ ఉంది. సుమతి శతకం కూడా నోటికి వచ్చే ఉంటుంది గానీ అది కందం. కందానికి ప్రాస కావాలి, జగణం (లఘువు, గురువు, లఘువు వరస) ఎక్కడ రాకూడదో చూసుకోవాలి, రెండో, నాలుగో పాదాల చివర గురువు ఉండాలి. అది రెండో ఏడాది పని.

లెక్క ఇదీ. గణం అంటే గురువు లఘువుల చిన్న జట్టు. 1, 3 పాదాల్లో మూడు సూర్య గణాలు, ఆపైన రెండు ఇంద్ర గణాలు. 2, 4 పాదాల్లో అయిదూ సూర్య గణాలే. గురువుని గ అని, లఘువుని ల అని రాసుకుంటే సూర్య గణాలు రెండే: గల, లలల. పాట, రాత, ఇల్లు, చెట్టు ఇవన్నీ గల. పలక, నడక, చదువు ఇవి లలల. ఇంద్ర గణాలు ఆరు: లలలల (నల), లలలగ (నగ), లలగల (సల), గలల (భ), గలగ (ర), గగల (త).

గురువు ఎప్పుడు (మిగతావన్నీ లఘువులే): దీర్ఘం, ఐ, ఔ, పక్కన సున్న గానీ విసర్గ గానీ ఉన్న అక్షరం, పొల్లు హల్లు ముందున్నది, సంయుక్తాక్షరానికో ద్విత్వానికో ముందున్నది. కొత్తవాళ్ల తప్పుల్లో సగం పైన ఈ చివరిదాని దగ్గరే. ‘మధ్య’లో గురువు అయ్యేది ‘మ’, ‘ధ్య’ కాదు. ఒత్తు ఉన్న అక్షరం బరువుగా కనిపిస్తుంది కాబట్టి చేయి దానికే గురువు పెట్టేస్తుంది. రెండు తెలుగు మాటలు విడివిడిగా ఉన్నప్పుడు రెండో మాట సంయుక్తాక్షరంతో మొదలైనా ముందు మాట చివరి అక్షరం లఘువుగానే ఉంటుంది. సంస్కృత సమాసంలో అయితే గురువవుతుంది. పాత అచ్చులో కనిపించే అరసున్నను లెక్కలోకి తీసుకోవద్దు.

యతి: పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం కుదరాలి. హల్లు, అచ్చు రెండూ కుదరాలి. హల్లుల్లో క ఖ గ ఘ ఒక జట్టు. చ ఛ జ ఝ శ ష స ఒకటి, ట ఠ డ ఢ ఒకటి, త థ ద ధ ఒకటి, ప ఫ బ భ వ ఒకటి. అచ్చుల్లో అ ఆ ఐ ఔ ఒక జట్టు (య, హ కూడా వీటితో కలుస్తాయి), ఇ ఈ ఎ ఏ ఋ ఒకటి, ఉ ఊ ఒ ఓ ఒకటి. కాబట్టి ‘చ’కి ‘స’ సరిపోతుంది, ‘చ’కి ‘సి’ సరిపోదు. యతి కుదరకపోతే ప్రాసయతి వాడుకోవచ్చు. అంటే ఆ రెండు చోట్లా మాటల రెండో అక్షరం ఒకే హల్లుగా ఉండాలి, దాని ముందున్నవి రెండూ గురువులో, రెండూ లఘువులో కావాలి.

ఉదాహరణకి ఇప్పుడే కట్టినది:

పాత పుటల మధ్య పసుపైన వేపాకు
తాత చదివినట్టి తావు చూపె
అచటి నుండి నేను హాయిగా చదువగా
పొద్దు గడచిపోవు ముద్దుగాను

మొదటి పాదం విడదీస్తే: పాత (గల), పుటల (లలల), మధ్య (గల), పసుపైన (లలగల), వేపాకు (గగల). యతి పా–ప. రెండో పాదం: తాత, చదివి, నట్టి, తావు, చూపె. గణం మాట మధ్యలో తెగినా ఫర్వాలేదని ‘చదివి|నట్టి’ చూస్తే తెలుస్తుంది. మూడో పాదంలో అ–హా యతి. నాలుగో దాంట్లో పొద్దు–ముద్దు ప్రాసయతి.

మొదటి వారం సొంతంగా రాయకండి. ఆ రోజు చదివిన పేజీలోంచి ఒక పద్యం ఎడమ పక్క పేజీలో ఎత్తి రాసి, కింద పెన్సిల్‌తో గ, ల గుర్తులు పెట్టి, గణాల మధ్య గీతలు గీయండి. అంతే, పది నిమిషాల పని. రెండో వారం సూర్య గణాలు మాత్రమే ఉండే పాదం, అంటే రెండో పాదం, రోజుకొకటి కట్టండి. మూడో వారం మొదటి పాదం. నాలుగో వారానికి రెండూ కలిపి సగం పద్యం. నిండు పద్యం రెండో నెలలో. మొదటి రోజే నాలుగు పాదాలకు కూర్చుంటే గంటన్నర పడుతుంది, మర్నాడు ఆ గంటన్నర దొరకదు. అలవాటు తెగిపోయేది అక్కడే.

నోట్‌బుక్ చివరి పేజీల్లో రెండు నిలువు వరసలు గీసి ఉంచుకోండి. చదువుతున్నప్పుడు నచ్చిన మాట గల అయితే ఒక వరసలో, లలల అయితే రెండో వరసలో వేయండి. యతి కోసం వెతుక్కునేటప్పుడు ఏ నిఘంటువు కన్నా ఇదే పనికొస్తుంది.

వాడుక భాష తప్పేం కాదు. కాకపోతే కొన్ని రూపాలు గణాల్లో కూర్చోవు. బస్సు, ఫోను, రైలు ముగ్గురూ చక్కటి గలలు. ‘కాఫీ’ రెండు గురువులు కాబట్టి సూర్య గణం కాదు, ‘కాఫి’ అంటేనే పడుతుంది. ‘చదివాను’ లలగల, నేరుగా ఇంద్ర గణం. ‘చదువుతున్నాను’ని ‘చదువు|తున్నాను’గా తెంపితే సూర్య గణం, ఇంద్ర గణం వరసగా వస్తాయి, ఆటవెలది మూడో, నాలుగో గణాలకు అచ్చంగా సరిపోతుంది. అప్పుడు యతి ‘తు’ మీద పడుతుంది, చూసుకోవాలి.

గీతాల పిచ్చి:

పై జవాబుతో చిన్న పేచీ. ఆటవెలదిలో పాదాలు రెండు రకాలు, ఏ పాదంలో ఉన్నామో మర్చిపోతుంటాం. తేటగీతిలో నాలుగు పాదాలకూ ఒకటే కొలత: ఒక సూర్య గణం, రెండు ఇంద్ర గణాలు, రెండు సూర్య గణాలు. యతి ఇక్కడా నాలుగో గణం మొదటి అక్షరమే. ‘పాత పుస్తకం తెరవగ పరిమళమ్ము’: పాత, పుస్తకం, తెరవగ, పరిమ, ళమ్ము. రోజుకు ఒక్క పాదమే రాసేవాళ్లకు ఇదే సుళువు. ఏ రోజు రాసిన పాదాన్నయినా ఏ చోటైనా పెట్టుకోవచ్చు.

యతిమైత్రి:

కొలత వరకు నిజమే. కానీ తేటగీతి నడక నోటికి రాని వాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టుకుంటూ రాస్తారు, పద్యం నడవదు. చెవికి తెలిసినదానితో మొదలుపెట్టి రెండో నెలలో తేటగీతికి వెళ్లమనండి, ఒప్పుకుంటాను.

పాళీ:

పెన్ను సంగతి. వేళ్లు పట్టేయడానికి కారణం బాల్‌పెన్ సిరా చిక్కగా ఉండి నొక్కితేగానీ దిగకపోవడం. సిరా పెన్నుకి నొక్కక్కర్లేదు, కాగితాన్ని తాకితే చాలు. నొక్కితే పాళీ చీలిక విచ్చుకుని గీత జోడుగా పడుతుంది.

తెలుగుకి సన్న పాళీ తీసుకోండి. మీడియం పాళీతో మామూలు నోట్‌బుక్ లైన్లలో రాస్తే ఘ, ఝ, ఱ లోపలి సందులు పూడిపోతాయి, ఒత్తులు మచ్చల్లా కనిపిస్తాయి. లైను వదిలి లైను రాయడం మంచిది. పై లైను నుంచి దిగే ఒత్తుకీ, కింది లైను గుడికీ చోటు కావాలి, మధ్యలో గణాల గుర్తులకీ కావాలి. కాగితం 80 జీఎస్ఎం (చదరపు మీటరుకి గ్రాముల బరువు) కంటే తక్కువైతే సిరా పీల్చుకుని గీత అంచులు దారాల్లా పాకుతాయి, వెనక పేజీకి దిగుతుంది. కొనేముందు చివరి పేజీలో ‘క్ష్మ’ రాసి పది సెకన్లు ఆగి తిప్పి చూడండి, తేలిపోతుంది.

రాజమండ్రి ఎబొనైట్ (గట్టి రబ్బరు) పెన్నులు చాలామంది ఇష్టపడతారు, నేనూ అదే చెబుతాను. చేతికి వెచ్చగా ఉంటాయి, జారవు. పాత పద్ధతి వాటిలో డ్రాపర్‌తో నేరుగా గొట్టంలోకే సిరా పోయాలి. వాటితో ఇబ్బంది ఒకటుంది. సిరా మూడో వంతుకి తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి ఒక్కసారిగా బొట్టు పడుతుంది. అందుకే పూర్తిగా అయ్యేదాకా లాగకుండా సగం అవ్వగానే నింపేయండి. మర దగ్గర తడి వస్తుంటే సిలికాన్ గ్రీజు పలచగా రాస్తే ఆగుతుంది. వాజిలిన్ మాత్రం రాయొద్దు. వారం పైన రాయకుండా ఉంటే చన్నీళ్లతో కడిగి మూత తీసి ఆరబెట్టండి. వేణ్ణీళ్లు ఎబొనైట్ నిగనిగను పాడుచేస్తాయి.

సిరా: రాయల్ బ్లూ చూడముచ్చటగా ఉంటుంది గానీ నీళ్లు పడితే కొట్టుకుపోతుంది, వెలుతురులో వెలిసిపోతుంది. పదేళ్ల తర్వాత కూడా చదవాలనుకుంటే పిగ్మెంట్ సిరా (సన్నటి రంగుపొడి కలిసినది) వాడండి. ఎండితే పాళీ దారి పూడ్చేస్తుంది కాబట్టి దాన్ని రోజూ రాసే పెన్నులోనే పోయాలి. రోజుకో పద్యం అన్నారుగా, మీకు సరిపోతుంది.

ఆ తాతగారి పుస్తకాల పక్కన మాత్రం సిరా సీసా మూత తీయకండి. పెన్ను వేరే బల్ల దగ్గర నింపుకుని రండి.

దారం అట్ట:

సెల్లోటేపు వద్దే వద్దు. దాని జిగురు కొన్నేళ్లలో కాగితంలోకి ఇంకి గోధుమరంగు మరక అవుతుంది, పై పొర ఎండి రాలిపోతుంది, మరక మిగులుతుంది. ఆ మరక ఇంట్లో పోదు. లామినేషనూ అంతే.

ముందు ఆ పుస్తకం ఎలా కుట్టారో చూడండి. ఆ కాలపు చవక ప్రతుల్లో చాలావాటికి పక్క నుంచి గుచ్చిన తీగ పిన్నులుంటాయి. అలా కుట్టినది ఎప్పటికీ పూర్తిగా పరుచుకోదు. మీరు అరచేత్తో అదిమితే కాగితం పిన్ను దగ్గరే తెగుతుంది. వెన్ను విడిపోతోందన్నారే, చాలామటుకు కారణం ఇదే. చదివేటప్పుడు రెండు పక్కలా చుట్టిన తువ్వాళ్లు పెట్టి, పుస్తకం లంబకోణం కంటే కాస్త ఎక్కువ తెరుచుకునేలా మాత్రమే ఉంచండి. ఎత్తిరాయడానికి రెండు చేతులూ కావాలి కదా, పేజీ నిలబడ్డానికి బియ్యం పోసి కుట్టిన సన్నటి గుడ్డ సంచి అంచున వేస్తే చాలు. క్లిప్పులు పెట్టొద్దు.

తుప్పు పట్టిన పిన్ను తీసేయాలి, తుప్పు చుట్టూ కాగితాన్ని తినేస్తుంది. లాగి కాదు. వెనక వంచి ఉన్న కాళ్లను మొండి కత్తి మొనతో నిలువుగా లేపి, తర్వాత ముందు నుంచి పైకెత్తండి. కత్తికీ కాగితానికీ మధ్య పాత పోస్టుకార్డు ముక్క ఉంచితే గీతలు పడవు. ఆ బెజ్జాల్లోంచే మైనం రాసిన నూలు దారంతో కుట్టుకోవచ్చు. నైలాన్ దారం కాగితాన్ని కోసేస్తుంది.

చిరిగినదానికి జపనీస్ టిష్యూ (పొడుగు పీచుల పలచటి కాగితం), గంజి జిగురు. గోధుమ పిండిపదార్థం (గోధుమపిండి కాదు, స్టార్చ్) ఒక వంతు, నీళ్లు అయిదు వంతులు. సన్నమంట మీద ఇరవై నిమిషాలు ఆపకుండా కలుపుతూ ఉడికించి, చల్లారాక గుడ్డలో వడకట్టాలి. మీగడలా జారేదాకా నీళ్లు కలపండి. ఫ్రిజ్‌లో మూడు నాలుగు రోజులు నిలుస్తుంది, పులిసిన వాసనొస్తే పారేయడమే. టిష్యూని కత్తెరతో కత్తిరించకుండా తడిగీత గీసి చేత్తో చింపితే అంచు పీచులు పీచులుగా ఉండి బాగా అతుకుతుంది. సెంటీమీటరు వెడల్పు చాలు. పైన, కింద నాన్‌స్టిక్ బేకింగ్ కాగితం, ఆపైన అద్దుడు కాగితం, ఆపైన బరువు. పూర్తిగా ఆరేదాకా తీయొద్దు. జిగురు ఎక్కువైతే కాగితం ముడుచుకుపోతుంది. అందరూ చేసే పొరపాటు అదే.

బైండింగ్ షాపుకిస్తే ముందే చెప్పండి: అంచులు కోయొద్దని, జిగురులో మైలుతుత్తం కలపొద్దని. పురుగు రాకుండా కలుపుతారు గానీ అందులోని రాగి కాగితాన్ని త్వరగా పెళుసు చేస్తుంది. అంచు కోస్తే మార్జిన్‌లో పెద్దలు రాసుకున్న మాటలు కూడా పోతాయి.

ఇక పైన పద్యంలో పుటల మధ్య వేపాకు ఉందే, పద్యానికి బావుంది, పుస్తకానికి కాదు! పచ్చాకు తడి కాగితంలోకి దిగి ఆకు ఆకారంలోనే మరక పడుతుంది. నీడన ఎండబెట్టినవి గుడ్డ సంచిలో వేసి అరలో పెట్టండి. అదీ కాస్త సాయమే, పూర్తి రక్షణ కాదు. కోస్తా వైపు వానాకాలంలో గాలి తేమే అసలు శత్రువు. అర గోడకి ఆనకూడదు, పుస్తకాలు కిక్కిరిసి ఉండకూడదు. సిల్వర్‌ఫిష్, అదే రామబాణం పురుగు, కనిపిస్తే ఆ పుస్తకాన్ని జిప్ కవర్లో గాలి తీసి మూసి, ఇంటి డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవర్ విప్పొద్దు, విప్పితే చల్లటి కాగితం మీద నీళ్లు పడతాయి.

పేజీ తిప్పగానే మూల విరిగేంత పెళుసుగా ఉంటే దాన్ని రోజువారీ చదువులోంచి తప్పించండి. ఆ కాలపు పుస్తకాల్లో చాలావాటికి డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చేసిన స్కానులు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఎత్తిరాయడానికి అది వాడుకోండి.

పుటల చప్పుడు:

అందరికీ ధన్యవాదాలండీ. టేపు డబ్బా లోపల పెట్టేశాను. యతిమైత్రి గారూ, ‘పొద్దున్నే లేచి పుస్తకం తెరిచాను’ ఆటవెలది మొదటి పాదానికి ఎందుకు కుదరడం లేదు? చదువుతుంటే బాగానే ఉన్నట్టుంది.

యతిమైత్రి:

‘పొద్దున్నే’ మూడు అక్షరాలూ గురువులే: గగగ. అది సూర్య గణంలోనూ లేదు, ఇంద్ర గణంలోనూ లేదు. రెండు గురువులు వరసగా వస్తే సూర్య గణాల వరస అక్కడే తెగిపోతుంది. ‘పుస్తకం తెరిచాను’ మాత్రం బంగారం: గలగ, లలగల, రెండూ ఇంద్ర గణాలే. దాన్ని కదపకుండా ముందు మాటలు మార్చండి:

పొద్దు పొడవగానె పుస్తకం తెరిచాను

పొద్దు, పొడవ, గానె: గల, లలల, గల. యతి పొ–పు, ఒకారానికి ఉకారం కలుస్తుంది. ‘గానే’ని ‘గానె’ చేశాం, ఆ మాత్రం కుదింపు పద్యంలో చెల్లుతుంది. ఎప్పుడైనా సరే, పాదం చివరి సగం ముందు కట్టుకుని మొదటి సగం వెతుక్కోవడం తేలిక, ఎందుకంటే సూర్య గణాల మాటలు కొల్లలు.

సరిచూసుకోవడానికి ‘ఛందం’ అనే సాధనం నెట్‌లో ఉంది, పద్యం అతికిస్తే గణాలు, యతి చూపిస్తుంది. ముందు పెన్సిల్‌తో మీరు గుర్తుపెట్టాకే అందులో వేయండి.

దత్తపది:

యతిమైత్రి గారి పద్యంలో ‘ముద్దుగాను’ వ్యర్థపదం కదండీ, కొలత నింపడానికి వచ్చింది. పొద్దు ముద్దుగా గడవడమేమిటి? రోజూ రాసేవాళ్లకి పట్టే జబ్బు ఇదే. సుమీ, గదా, వేగ, చాల, మేలు లాంటివి చివర చేరిపోతుంటాయి. నాలుగో పాదం ఇలా మార్చి చూడండి:

దీపమార్పు వేళ తెలియదాయె

దీప, మార్పు, వేళ, తెలియ, దాయె. యతి దీ–తె. ఇప్పుడు ఏ మాట తీసినా అర్థం తెగుతుంది. రాసిన పద్యంలో ఒక్కో మాట మీద వేలు పెట్టి చూడండి. వేలు కింద మాట లేకపోయినా భావం మారకపోతే అది మార్చాల్సిన మాట.

ఇంకో సంగతి. రోజూ ఏం రాయాలో తోచదు, పదో రోజుకే విషయాలు అయిపోతాయి. అవధానాల్లో దత్తపది చూసే ఉంటారు, నాలుగు మాటలిచ్చి పద్యం చెప్పమంటారు. మీరూ ఆ రాత్రి చదివిన పేజీలోంచి కళ్లు మూసుకుని వేలు పెట్టి నాలుగు మాటలు తీసుకోండి, పాదానికొకటి రావాలి. మూడు గలలు, ఒక ఇంద్ర గణం వస్తే అదృష్టం. ‘కర్పూరం’ లాంటి గగగ వస్తే ‘కర్పూర’ అని గగల చేసుకోవాలి. విషయం కోసం తడుముకోవడం తప్పుతుంది, పాత పుస్తకంలోని మాట మీ మాటల్లోకి దిగుతుంది.

నిషిద్ధాక్షరి (వద్దన్న అక్షరాలు రాకుండా పద్యం చెప్పడం) జోలికి మాత్రం ఆర్నెల్ల దాకా పోవద్దు.

యతిమైత్రి:

‘దీపమార్పు’ బాగుంది, తీసుకున్నాను. ‘చదువగా’ పక్కన ‘తెలియదాయె’ కాలం కూడా సరిపోయింది.